ఏడెనిమిదులు యాభైనాలుగు

ఆగరా, ఆగు! ఆ సంచీ ముందు కింద పెట్టు. భోగిమంటలో వెయ్యడానికి పాత చీపుళ్ళున్నాయి, చివికిపోయిన తాటాకులున్నాయి, మీ తాతయ్య కూర్చుని కూర్చుని విరగ్గొట్టిన కుర్చీ ఉంది. పిడకల దండలు కూడా వేశారుగా, చాలదూ? పుస్తకాలెందుకురా? అయిపోయిన పుస్తకాలా? కాగితం అయిపోవడం ఏమిటి, రాయడం అయిపోయి ఉంటుంది. ఇలా తీసుకురా, నా పక్కన పెట్టు. ఆ పీట లాక్కుని కూర్చో. బుజ్జీ, శాలువా కప్పుకోవే, మంచు దిగుతోంది. నీళ్ళు కాగడానికి ఇంకా గంట పడుతుంది. ఈలోపు ఎటూ పోయేది లేదు కదా, చెబుతా వినండి.

మా చిన్నప్పుడు పొరపాటున కాగితం మీద కాలు పడితే వంగి కళ్ళకద్దుకునేవాళ్ళం. మీరూ అద్దుకుంటారు, సంతోషమే. కానీ మా అమ్మమ్మగారింట్లో ఆ భక్తితో పాటు కరువు భయం కూడా ఉండేది. నేను పుట్టింది 1947లో. అంతకు ముందు యుద్ధం రోజుల్లో కాగితం దొరక్క ఎన్ని పాట్లు పడ్డారో అమ్మమ్మ కథలుగా చెప్పేది. మా తాతయ్య ఖద్దరు మనిషి. గాంధీగారు తనకొచ్చిన ఉత్తరాల కవర్లు పారెయ్యకుండా చింపి, లోపలివైపు రాసుకునేవారని ఎక్కడో విన్నాడు. అప్పట్నించి ఇంటికొచ్చిన ఒక్క కవరు కూడా బయటికి పోనిచ్చేవాడు కాదు. కాఫీ నీళ్ళ ఆవిరి మీద పట్టుకుని అంటు ఊడదీసి, లోపలివైపు బయటికి తిప్పి, మళ్ళీ అంటించి, దాని మీద కొత్త చిరునామా రాసి పంపేవాడు. మా పెదమామయ్య పంపిన కవరు తిరిగి పెదమామయ్యకే పోయేది.

1934లో గాంధీగారు వార్ధాలో గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించారు. కుమారప్పగారు నడిపేవారు. గానుగ నూనె, దంపుడు బియ్యంతో పాటు చేతి కాగితం కూడా వాళ్ళ పనుల్లో ఒకటి. ఆ చేతి కాగితం ఎక్కణ్ణించో ఒక దస్తా సంపాదించి ట్రంకుపెట్టెలో దాచాడు తాతయ్య. దస్తా అంటే ఇరవై నాలుగు ఠావులు. దళసరిగా, గరుగ్గా, అక్కడక్కడా పీచు కనబడుతూ ఉండేది. ఏదైనా మంచి విషయం రాయడానికని దాచుకున్నాట్ట. ఆయన పోయేనాటికి అందులో ఇరవై రెండు ఠావులు అలాగే ఉన్నాయి. అంత మంచి విషయం ఆయన జీవితంలో రెండుసార్లే తగిలింది కాబోలు.

ఆయనకీ అమ్మమ్మకీ అసలు పోట్లాట కృష్ణా పత్రిక దగ్గర. 1902లో మన బందరులోనే పుట్టిన పత్రిక అది. ముట్నూరి కృష్ణారావుగారు 1945లో పోయేదాకా నడిపిన సంచికలు తాతయ్య అటక మీద కట్టలు కట్టి పెట్టుకున్నాడు. అమ్మమ్మకి చదువు రాదు. ఆవిడ కంటికి అది బాగా ఎండి, నానడానికి సిద్ధంగా ఉన్న కాగితం. "ఆ రాతల్ని రోట్లో వేసి దంచుతావా?" అని ఆయన. "చదవడం అయిపోయినవేగా?" అని ఆవిడ. ఇందాక నువ్వన్న మాటే రా! చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. కృష్ణా పత్రిక జోలికి ఆవిడ రాకూడదు. దినపత్రికలు, పాత పద్దు పుస్తకాలు, పిల్లల నోటుపుస్తకాలు ఆవిడవి. పసుపు రాసిన శుభలేఖలూ జాతకాలూ ఇద్దరూ ముట్టుకోరు.

దంచడం ఎందుకంటారా? బుట్టలు చెయ్యడానికే. కాగితం బుట్టలు. మన ఇంట్లో నా మంచం పక్కన గూట్లో వత్తులు పెట్టుకునే బుట్ట లేదూ, అలాంటివి. అది అట్టతో చేసిందనుకుంటున్నారు మీరు. కాదు.

ఎండలు ముదిరాక, వడియాలు పెట్టడం అయిపోయాక మొదలెట్టేది అమ్మమ్మ. మొదటి పని నాది, ఏరడం. నోటుపుస్తకాల కుట్టుదారం లాగెయ్యాలి. పిన్నులుంటే గోటితో పీకాలి. ఒక్క పిన్ను మిగిలినా గుజ్జులో చెయ్యి పెట్టినప్పుడు గుచ్చుకుంటుంది, ఎండాక అక్కడ తుప్పు మరక తేలుతుంది. తరవాత చింపడం. కత్తెర పెట్టనిచ్చేది కాదు. చేత్తో చింపితే అంచున పీచు లేస్తుంది, అది నీళ్ళు తొందరగా తాగుతుంది. కత్తెరతో కోస్తే అంచు నున్నగా ఉండి బిగుసుకుని కూర్చుంటుంది. బొటనవేలంత ముక్కలు చేసి గోలెంలో పోసి, మునిగేదాకా నీళ్ళు పోసి మూడు రోజులు వదిలేసేది. రోజూ నీళ్ళు మార్చాలి. మార్చకపోతే వచ్చే కంపు ముందు మురిక్కాలవ నయం.

నోటుపుస్తకాలు నానిన నీళ్ళు ఎలా ఉంటాయో తెలుసా? నీలంగా. అప్పుడు మేం సిరా బిళ్ళలు నీళ్ళలో కలుపుకుని రాసేవాళ్ళం. ఒక ఏడంతా రాసిన సిరా అలా దిగుతూనే ఉండేది. ఆ నీళ్ళు అరటి పాదులో పోసేది అమ్మమ్మ. ఆ చెట్టుకి గెల పడితే "నీ చదువు అరటిచెట్టుకి బాగా వంటబట్టిందే" అనేవాడు తాతయ్య.

దినపత్రికల గుజ్జు బూడిద రంగులో ఉంటుంది, ఎంత కడిగినా అచ్చు సిరా పోదు. నోటుపుస్తకాలది తెలుపు. గులాబీ రంగు కావాలంటే సినిమా కరపత్రాలు కలపాలి. జట్కాబండికి బొమ్మలు కట్టుకుని, ముందు డప్పు వాయిస్తూ, వెనకనించి గుప్పిళ్ళతో విసిరేవాళ్ళు. పసుపు, ఆకుపచ్చ, గులాబీ. 1957లో మాయాబజారు వచ్చినప్పుడు ఆ బండి వెనక పరిగెత్తి ఒళ్ళో పోగేసుకున్నవాటితో ఒక చిన్న గిన్నె తయారైంది. ఆ సినిమా మాత్రం నేను చూసింది పెళ్ళయ్యాక, రెండోసారి వచ్చినప్పుడు.

ఇక మెంతులు. వీశెడు కాగితానికి సోలెడు మెంతులు. ముందు రాత్రి నానబోసి పొద్దున్నే రుబ్బితే జిగురుజిగురుగా తీగ సాగుతుంది. ఆ జిగురే గుజ్జుని పట్టుకుంటుంది. చేదు కాబట్టి పురుగు కూడా దగ్గరికి రాదు. నానిన కాగితాన్ని గట్టిగా పిండేసి, మెంతిపిండి కలిపి, రోట్లో వేసి దంచాలి. అమ్మమ్మా, మా పెద్దత్తా ఎదురెదురుగా నిలబడి రెండు రోకళ్ళు వేసేవాళ్ళు. ఒక రోకలి లేస్తుంటే ఇంకోటి దిగుతుంది. నేను మధ్యలో చెయ్యిపెట్టి గుజ్జు తిప్పాలి. లెక్క తప్పితే వేళ్ళుండవు. పాట ఉండేది దానికి, పాడుతూ తిప్పితే చెయ్యి దానంతటదే సరైన వేళకి వెనక్కొచ్చేది. కాగితం ముక్కలైతే చాలదు, పీచు చితకాలి. చితికి, నూగు లేచి, ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ముద్ద తీసి గోడకేసి కొడితే పిడకలాగా అంటుకుని నిలవాలి. జారిందంటే ఇంకో గడియ దంచాలన్నమాట.

నిలిచాక ఇత్తడి గుండిగ బోర్లించి, దాని మీద తడిబట్ట కప్పి, గుజ్జు ముద్దలు ముద్దలుగా తీసుకుని అడుగునించి అంచుదాకా అరచేత్తో చరుస్తూ వచ్చేది అమ్మమ్మ. చిటికెనవేలి మందం. ఎక్కడా ఎక్కువా తక్కువా ఉండకూడదు. ఎక్కువైన చోట ఎండదు, తక్కువైన చోట పగులుతుంది. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చూసేది, నాడి చూసే వైద్యుడిలాగా. మొదటి రోజు నీడలోనే. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నేరుగా ఎండలో పెడితే పైన ఆరిపోయి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడే ఉంటుంది, ఇహ బీటలు. రెండో రోజు సగం ఆరాక గుండిగ మీంచి తీసెయ్యాలి. ఆ తరవాతే ఎండ. నేనొకసారి ఆ సగం మాట మర్చిపోయాను. ఇంట్లో అందరూ తిరనాళ్ళకి వెళితే బుట్ట కనిపెట్టుకుని ఉండమన్నారు, నేను అష్టాచెమ్మా ఆడుకుంటూ కూర్చున్నాను. కాగితం ఎండుతున్నకొద్దీ బిగుసుకుంటుంది కదా, గుండిగని కౌగిలించుకుని వదలనంది. చివరికి రోకలిబండతో పగలగొట్టాల్సొచ్చింది. దెబ్బలు నాకూ పడ్డాయి, గుండిగకీ ఒక సొట్ట పడింది. ఆ గుండిగ తరవాత మా పెద్దత్త కోడలికి వెళ్ళింది. సొట్టతో సహా.

బాగా ఎండిన బుట్టని వేలితో కొడితే టకటకమంటుంది. దాని మీద మళ్ళీ మెంతి జిగురు పూసి, సన్నటి కాగితం పట్టీలు లోపలా బయటా అంటించాలి, నున్నగా రావడానికి. ఆ పైన పసుపు పూత, అంచుకి జేగురుతో గీత. పసుపు ఎండకి వెలిసిపోతుంది, జేగురు ఉంటుంది. అందుకే నా బుట్టకి ఇప్పుడు ఎర్రగీత ఒక్కటే మిగిలింది.

మా ఇంట్లో ఏ ఆడపిల్ల కాపురానికి వెళ్ళినా సారెలో చలిమిడి బిందె పక్కన ఒక కాగితం బుట్ట ఉండాల్సిందే. బంగారం ఎవరి తాహతుని బట్టి వాళ్ళు పెట్టేవాళ్ళు. ఈ బుట్టకి ఆ తేడా లేదు, కాగితమే కదా. అందులో మరమరాలు పోసుకోవచ్చు, ఎండుమిరపకాయలు పోసుకోవచ్చు, పత్తి పెట్టుకోవచ్చు. నీళ్ళు మాత్రం తగలకూడదు.

శ్రీరామనవమి పందిరికి మూడుకోణాల జెండాలు, రంగుకాగితాల గొలుసులు మగపిల్లల పని. వాళ్ళది మెంతి జిగురు కాదు, మైదా ఉడకబెట్టి అందులో కాస్త మైలుతుత్తం వేసేవాళ్ళు, చీమలూ పురుగులూ పట్టకుండా. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గిన్నె వంటింట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఒక ఏడాది విషమెందుకులే అని వట్టి మైదాతో అంటించారు. తెల్లారేసరికి ఊళ్ళో మేకలన్నీ పందిట్లోనే ఉన్నాయి, సీతారాములకంటే ముందే.

పెడన సంగతి చెప్పాలి మీకు. మా పిన్ని కాపురం పెడనలో. వాళ్ళ వెనకవీధిలో అద్దకం వాళ్ళుండేవాళ్ళు. ఇప్పుడు అందరూ కలంకారీ కలంకారీ అంటున్నారే, అదే. అప్పట్లో ఆ పని బాగా సన్నగిల్లి ఉండేది. టేకు చెక్క మీద పువ్వులూ లతలూ చెక్కిన అచ్చులు, అంచు విరిగినవి, అరిగిపోయినవి, వాళ్ళు ఒక మూల పడేస్తే పిన్ని అడిగి తెచ్చుకునేది. పెళ్ళికి ఆవిడ ఇచ్చే బహుమతి ఎప్పుడూ ఒకటే. పాటల పుస్తకం. అంగట్లో కొన్నది కాదు సుమా. ఠావు కాగితాలు నాలుగుగా మడిచి, దబ్బనంతో పొడిచి, జనపదారంతో కుట్టి, పైన అట్ట వేసి, ఆ అట్ట మీద అచ్చు అద్దేది. లోపల పెళ్ళిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు. అన్నీ తనే రాసేది కాదు. పెళ్ళికూతుర్ని ఎరిగిన ప్రతి ఆడమనిషి దగ్గరికీ ఆ పుస్తకం వెళ్ళేది. ఎవరికి వచ్చిన పాట వాళ్ళు రాయాలి. రాయడం రానివాళ్ళు పాడితే పిన్ని రాసుకుని, చివర వాళ్ళ చేత ఒక చుక్కో ముగ్గో పెట్టించేది. మా అమ్మమ్మ నా పుస్తకంలో పెట్టింది నాలుగు చుక్కల ముగ్గు. ఒక చుక్క పక్కకి పోయింది.

ఆ అచ్చుకి నలుపు ఎలా వచ్చేదనుకున్నారు? తుప్పుపట్టిన మేకులు, ఇనపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి కుండలో వారాల తరబడి పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. చూడ్డానికి ఉత్త మురికి నీళ్ళు. గుడ్డనైతే ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఆ కరక్కాయ వగరు తగిలిన చోటే కసిం నల్లబడుతుంది. పిన్ని కాగితాన్ని కూడా అలాగే కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసి, అచ్చు కసింలో అద్ది కాగితం మీద నొక్కేది. నొక్కినప్పుడు ఏమీ కనపడదు. మేం చూస్తుండగానే లతంతా మెల్లగా నల్లబడుతూ పైకి తేలేది. అబ్బో, మాకది ఇంద్రజాలమే. కళ్ళార్పకుండా చూసేవాళ్ళం.

కానీ ఆ నలుపుకి ఒక గుణం ఉందని పిన్నికి తెలియదు. గుడ్డనైతే అద్దకం వాళ్ళు ఉడకబెట్టి, పారే నీళ్ళలో ఎన్నోసార్లు ఉతుకుతారు. కాగితాన్ని ఎవరు ఉతుకుతారు? ఇనుమూ వగరూ అందులోనే ఉండిపోయి, ఏళ్ళు గడిచేకొద్దీ మెల్లగా కాగితాన్ని తినేస్తాయి. నా పుస్తకం మీది లత ఇప్పుడు లేదు. లత ఉన్నచోట లత ఆకారంలో చిల్లులున్నాయి. దీపం ముందు పట్టుకుంటే గోడ మీద పడుతుంది. రేపు పొద్దు పోయాక చూపిస్తాలే.

నా పెళ్ళి 1963లో. పెళ్ళికంటే ముందు జరిగిన ముచ్చట చెప్పాలి, అది మాత్రం నాకు ముచ్చట కాదు. ఎనిమిదో తరగతి పాసయ్యాను. తొమ్మిదికి బందరు వెళ్ళాలి. పంపించం అన్నారు. ఎవరన్నారో ఇప్పుడెందుకు, అందరూ అన్నారు. ఖద్దరు కట్టుకుని గాంధీగారి కవర్ల కథ చెప్పే తాతయ్య కూడా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు ఆకలేసి తిన్నాను. ఏం చెయ్యను మరి, పదమూడేళ్ళదాన్ని.

పెళ్ళి కుదిరాక ఒక మధ్యాహ్నం దొడ్లోకి వెళితే అమ్మమ్మ గోలెం ముందు కూర్చుని ఉంది. పక్కన నా ట్రంకుపెట్టె తెరిచి ఉంది. ఒకటో రెండో కాదు, అయిదో తరగతి నించీ నేను దాచుకున్న నోటుపుస్తకాలన్నీ చింపి నానబెట్టేసింది. నీళ్ళప్పుడే నీలంగా తిరుగుతున్నాయి. నేను అరిచాను. ఆవిడ మీద నేనెప్పుడూ అరవలేదు, ఆ ఒక్కసారే. ఆవిడ తలెత్తి, "బుట్టలో పోతే నీతోనే ఉంటాయి కదే, ఇక్కడుంటే చెదలు తింటాయి," అంది. నాకు ఆ మాట అప్పుడు ఎక్కలేదు. నిజం చెప్పమంటే, ఇప్పటికీ సగమే ఎక్కింది. ఆవిడ మంచికే చేసిందంటారు అందరూ. మంచికే చేసింది. అడిగి చేస్తే ఏం పోయేది?

ఆ ఏడు నేను పిన్నులు ఏరలేదు, రోట్లో చెయ్యి పెట్టలేదు. ఎవరు తిప్పారో నాకు తెలీదు. వరండాలో కూర్చుని రోకటి పోటు వింటూ ఉన్నాను, అంతే.

సారెతో వచ్చిన బుట్టని ఇక్కడ, ఈ వసారాలోనే, మా అత్తగారు ముందు ఎత్తి చూసింది. ఆవిడ భాగవతం కంఠతా వచ్చిన మనిషి, కళ్ళజోడు లేకుండా చదివేది. బుట్ట తిరగేసింది. అడుగున పెట్టడానికి అమ్మమ్మకి రంగుకాగితం చాలక నోటుపుస్తకం కాగితం పట్టీ ఒకటి అంటించింది. మా బళ్ళో లెక్కలు పెన్సిలుతో రాయించేవాళ్ళు. సిరా అయితే జిగురు తడికి అలికిపోయేది, పెన్సిలు గీత నీళ్ళకి చెరగదు. మాస్టారి ఎర్ర పెన్సిలు కూడా చెరగదు. అత్తగారు చదివింది. ఏడెనిమిదులు యాభైనాలుగు. పక్కన ఎర్రటి ఇంటూ.

"ఏమ్మా, మీ ఊళ్ళో ఏడెనిమిదులు యాభైనాలుగా?" అంది.

పెళ్ళివారందరి ముందు. నేను భూమిలోకి కుంగిపోయాను. ఆ కాగితం కావాలని అంటించిందా అని అడక్కండి. అమ్మమ్మకి అక్షరం ముక్క రాదని చెప్పానుగా. పైగా తలకిందులుగా అంటించింది.

ఆ మాట ఈ ఇంట్లో ఇరవై ఏళ్ళు నడిచింది. పాలవాడి లెక్క తేడా వస్తే "యాభైనాలుగు వేశాడు" అనేవాళ్ళు. మీ తాతయ్య జీతం చాలకపోతే "ఈ నెల యాభైనాలుగే" అనేవాడు. కానీ ఒకటి చెప్పాలి. ఆ వారమే అత్తగారు పాలలెక్క, చాకలి లెక్క, కొట్టు పద్దు అన్నీ నా చేతికిచ్చింది. ముగ్గురు తోడికోడళ్ళున్నారు, వాళ్ళకివ్వలేదు. ఎందుకో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

1977 నవంబరు 19. మన దివిసీమలో ఆ తేదీ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉప్పెన ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చుకుపోయింది, పోయినవాళ్ళు వేలల్లో. ఆ రాత్రి సంగతి మంట దగ్గర చెప్పేది కాదు, ఇంకోసారి చెబుతాను. మనిల్లు మెరక కాబట్టి నిలబడింది, అయినా నడుంలోతు నీళ్ళు. గోడకి వేలాడే ఉత్తరాల తీగ తెలుసుగా, మీ ముత్తాత నాటి నించీ గుచ్చిన ఉత్తరాలు, నీళ్ళు తీసేసరికి తీగ చుట్టూ ముద్దయి వేలాడుతోంది. మెంతులు కలపని గుజ్జు! ట్రంకుపెట్టెలో పెట్టిన పాటల పుస్తకం తడిసింది. ఆకు ఆకూ విడదీసి బట్టలతీగ మీద ఆరేశాం, సగం పాటలు నీలి మరకలే మిగిలాయి. అమ్మమ్మ ముగ్గు ఉంది, అది పెన్సిలుతో పెట్టింది. బుట్ట మాత్రం తేలిగ్గా ఉందని అటక మీదికి విసిరేసి ఉంది, అందుకే బతికింది. అందులో నేనేం పెట్టానో అప్పటికి మర్చిపోయాను. దించి చూస్తే తాతయ్య చేతి కాగితం. ఆయన పోయాక మా మామయ్య పంపిన ఇరవై రెండు ఠావులూ పొడిగా ఉన్నాయి.

వాటితో ఏం చేశానంటే, వస్తున్నా ఆగు. డాలస్‌లో ఉన్న మీ అత్త కూతురు పోయిన ఏడాది ఫోను చేసింది. పుట్టినరోజుకి వచ్చిన పిల్లలకి తిరిగి ఏదో ఒకటి ఇవ్వాలట, కొనకుండా చేతితో చేసి ఇద్దామని ఉంది, నీ బుట్ట ఎలా చెయ్యాలి అమ్మమ్మా అంది. చెప్పాను. మిక్సీలో తిప్పిందట! మిక్సీ పీచుని కోసేస్తుంది, తల్లీ, చితక్కొట్టదు. పొట్టి పీచు ఒకదాన్నొకటి పట్టుకోదు. పైగా తళతళలాడే వ్యాపార ప్రకటనల కాగితం వేసింది. ఆ తళుకంతా సుద్దమట్టి పూత, అది బురదవుతుంది గానీ గుజ్జవదు. తరవాత తొందరపడి అవెన్‌లో పెట్టింది. ముక్కలు నాకు ఫోన్లో చూపించింది. నవ్వుకున్నాం. రెండోసారి వట్టి నోటుపుస్తకాలు, గుడ్డసంచీలో వేసి కర్రతో బాది, మెంతిపిండి కలిపి, నీడన ఆరబెట్టింది. చిన్న చిన్న గిన్నెలు, పన్నెండు వచ్చాయి. ఒక్కోదాని అడుగున ఆ పిల్ల పేరు పెన్సిలుతో రాసిందట. పెన్సిలుతోనే రాయమన్నది నేనే.

ఆ ఠావుల్లో ఒకటి మీ పెద్దత్తకి బారసాలప్పుడు పేరు రాయడానికి వాడాను. ఒకటి మీ నాన్నకి. మీ ఇద్దరివీ ఉన్నాయి, బియ్యంలో పేరు రాసే ముందు దాని మీద రాసి చూసుకున్నాం. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. తాతయ్య కంటే నేనే నయం.

ఏంట్రా గొణుగుతున్నావు? యాభైఆరా? తెలుసు నాయనా. అరవై ఏళ్ళ నించీ తెలుసు.

అదిగో, గుండిగ కుతకుతమంటోంది. లేవండి, తలంట్లు పోసుకోవాలి. బుజ్జీ, నువ్వు ముందు. అమ్మాయ్, నలుగుపిండి తెచ్చావా? ఒరేయ్, ఆ సంచీ వసారాలో పెట్టు, తడవని చోట. పండగ మూడ్రోజులూ వెళ్ళాక ఏరుదువు గాని, పిన్నులూ ఆ చుట్ట తీగలూ. ముందు ఒక్కో పుస్తకం నాకు చూపించి, ఏది ఉంచుకుంటావో, ఏది నానబెట్టమంటావో నువ్వే చెప్పు.